కొలువును వేషమును

ఉద్యోగము పురుషలక్షణమని పెద్దలు చెప్పుదురు. ఆ ఉద్యోగమునకు లక్షణమేమని యడిగినచో విద్య యని యొకరును, నడవడి యని యొకరును, పలుకుబడి యని మఱియొకరును బదులు చెప్పుదురు. ఎవరును పైకి చెప్పనిదియు, అందఱును లోలోపల నెఱిగినదియు నైన లక్షణము ఇంకొకటి కలదు. అది మనిషి ఆకారము. మేనిచాయ, ఒడ్డుపొడుగు, తలకట్టు, గడ్డము, మీసము, కట్టిన బట్ట, తొడిగిన చెప్పు, ఇవి మగవాని బ్రతుకుతెరువును ఎంతవఱకు పైకెత్తినవో, ఎంతవఱకు క్రిందికి త్రోసినవో చరిత్ర చెప్పెడి సాక్ష్యమును నేడు మీ ముందుంచుచున్నాను.

పైన పటారము లోన లొటారము అను సామెత మన నోట ఎల్లప్పుడు నుండును. అయినను మన వీథియరుగు దగ్గఱకు క్రొత్తవాడొకడు వచ్చినపుడు మనము చేయునదేమి? అతడు నోరు విప్పకమునుపే అతని పంచెను, కండువాను, కాళ్లను చూతుము. కుర్చీ వేయింపవలెనా, చాప పఱపింపవలెనా, నిలువబెట్టియే మాటలాడి పంపివేయవలెనా యను తీర్పు అంతలోనే జరిగిపోవును. ఆ తీర్పు చేసినది కన్ను. బుద్ధి దానికి తరువాత కారణములు వెదకును. ఈ యలవాటు మన యూరికి మాత్రమే చెందినది కాదు. మన కాలమున మాత్రమే పుట్టినది కాదు. రాజాస్థానములు, సేనలు, న్యాయస్థానములు, దొరతనపు కచేరీలు చాలకాలము ఈ కంటితీర్పుతోనే నడచినవి.

మొదట మన శాస్త్రకారుల మాట చూతము. మనుస్మృతి యేడవ యధ్యాయమున రాజదూతకు ఉండవలసిన గుణములు చెప్పబడినవి. రాజునందు అనురాగము, శుచిత్వము, నేర్పు, జ్ఞాపకశక్తి, దేశకాలముల యెఱుక, నిర్భయత, మాటకారితనము అనువానితోపాటు చూడచక్కని దేహము కూడ అందు చేర్చబడినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున అమాత్యునకు కావలసిన గుణముల పట్టిక యింతకంటె చాల పెద్దది. ప్రజ్ఞ, ధారణ, దక్షత, వాక్చాతుర్యము, ఉత్సాహము, కష్టసహనము, శుచిత్వము, దృఢభక్తి, శీలము, బలము, ఆరోగ్యము అని వరుసగా చెప్పుకొనిపోయినాడు. బలమును ఆరోగ్యమును ఉండవలెనన్నాడు గాని అందముండవలెనని యెక్కడను అనలేదు.

ఈ భేదమునకు కారణము నాకు తోచినది చెప్పెదను. దూత పరరాజు సభలో నిలుచువాడు. అక్కడివారికి అతని ముఖమే అతని రాజు ముఖము. అమాత్యుడు లోపల కూర్చుండి పనిచేయువాడు. రాజ్యమునకు కావలసినది అతని బుద్ధి. కొన్ని కొలువులలో కనబడుటయే పనిలో భాగము. తక్కినవానిలో కనబడుటకును పనికిని సంబంధము లేదు. మన పూర్వులు ఈ రెంటిని వేఱుచేసి చూచినారు. తరువాతివారు అన్నిటిని కలిపివేసి, ప్రతి గుమాస్తాను దూతనుగా ఎంచి, మొగము చూచి కొలువిచ్చుటకు మొదలుపెట్టినారు.

చాణక్యుని గూర్చి బౌద్ధులు చెప్పుకొన్న కథ యొకటి కలదు. నందుని దానశాలలో అగ్రాసనమున కూర్చున్న ఆ బ్రాహ్మణుని వికారరూపమును చూచి రాజు రోసి బయటికి గెంటించెననియు, ఆ యవమానమే నందవంశమునకు చేటు తెచ్చెననియు దాని సారము. కథను కథగానే తీసికొందము. అయినను ఒక రాజ్యము కూలుటకు ఏ తప్పు చాలునని జనులు తలచిరో ఆలోచింపుడు. మనిషిని రూపముచేత కొలిచిన తప్పు అంత పెద్దదని వారి తీర్పు.

ఇక మన తెలుగువారి సంగతికి వత్తము. శ్రీనాథమహాకవి పదునైదవ శతాబ్దమున ప్రౌఢదేవరాయల కొలువునకు పోయినాడని మనమందఱము విన్నదే. అక్కడి వాదవిజయమును, కనకాభిషేకమును గూర్చి చెప్పుకొందుము గాని, ఆ కొలువులో అడుగుపెట్టుటకు ముందు ఆయన పడిన పాటును గూర్చి చెప్పుకొనము. ఆయన పేర ప్రచారమున నున్న యొక చాటువునందు, ఆ యాస్థానమర్యాదకు తగినట్లు తలకు కుళ్లాయి పెట్టుకొనవలసివచ్చినందుకును, పెద్ద అంగీ తొడుగుకొనవలసివచ్చినందుకును, అలవాటులేని తిండి తినవలసివచ్చినందుకును కవి మొఱపెట్టుకొన్నట్లున్నది. కవిసార్వభౌముడనిపించుకొన్నవాడు సహితము విద్య చూపుటకు ముందు వేషము మార్చవలసివచ్చెనని ఆ చాటువును చెప్పుకొన్నవారు నమ్మిరి.

ఆ కుళ్లాయి యెట్టిదో తిరుమలయాత్ర చేసినవారు ఎఱుగుదురు. శ్రీవారి యాలయ మహాద్వారము దాటగానే కృష్ణదేవరాయలు తిరుమలదేవి చిన్నాదేవులతో చేతులు జోడించి నిలిచియున్న విగ్రహములు కనబడును. రాయల తలమీది నిలువుటెత్తు టోపీయే ఆ కుళ్లాయి. ఆ టోపీయు, కబాయి యను పొడవాటి యంగీయు పారసీక తురుష్క రాజసభల మర్యాదనుండి విజయనగరమునకు వచ్చినవని చరిత్రకారులు చెప్పుచున్నారు. కవికి పరాయిదిగా తోచిన తలకట్టు నూఱేండ్లు నిండకమునుపే తెలుగువారు తమ రాజుగా చెప్పుకొనెడి రాయలకు భూషణమయ్యెను. దీనివలన తెలియునదేమనగా, పెద్దమనిషి వేషమనునది ఆకాశమునుండి ఊడిపడినది కాదు. ఏ కాలమున ఎవరి చేతిలో కొలువులున్నవో వారి వేషమే ఆ కాలమునకు మర్యాద.

విజయనగరపు కొలువులో కుళ్లాయి పెట్టుకొన్నవారు కష్టమో నిష్ఠురమో దానికి అలవాటుపడిరి. కొలువిచ్చినవారు బలవంతముగా వేషము మార్పింపబోయినపుడు జరిగిన దారుణమునకు ఉదాహరణము వేలూరు.

ఇంగ్లీషు కుంపిణీవారు మొదట సిపాయిల పటాలములను కట్టినపుడు దక్షిణదేశపు మనుష్యులను, అందు తెలుగువారిని పలువురను చేర్చుకొనిరి. అందువలననే ఉత్తరహిందూస్థానమున కుంపిణీ సిపాయిలను ఏ దేశమువారినైనను తిలంగాలని పిలుచుట వాడుకయయ్యెను. 1857 నాటి ఢిల్లీలో సహితము ఆ మాట వినబడుచుండెను. మన జాతిపేరే సిపాయి యను మాటకు మాఱుపేరయ్యెనన్నమాట. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మరల పని యున్నది.

1805 నవంబరులో చెన్నపట్నపు సేనాధిపతియైన సర్ జాన్ క్రాడాకు క్రొత్త నిబంధనలు వెలువరించెను. సిపాయి కవాతునకు వచ్చునపుడు నుదుట జాతిచిహ్నములు ఉండరాదు. చెవిపోగులు ఉండరాదు. గడ్డము నున్నగా గొఱిగింపవలెను. మీసము అందఱికి ఒకే తీరున ఉండవలెను. వీనికితోడు తోలుబిళ్ల గుచ్చిన క్రొత్త తలపాగా నొకదానిని పెట్టిరి. అది చూచుటకు దొరల టోపీవలె నుండెను. హిందువునకు బొట్టు పోయెను. మహమ్మదీయునకు గడ్డము పోయెను. ఇద్దఱి తలలమీదికి తోలు వచ్చెను. 1806 మే నెలలో వేలూరిలోని యొక దళమువారు ఆ తలపాగా పెట్టుకొనమనిరి. విచారణ జరిపి వారిలో ఇద్దఱికి చెఱి 900 కొరడాదెబ్బలు శిక్ష విధించిరి.

1806 జూలై 10వ తేదీ తెల్లవాఱకమునుపే కోటలోని సిపాయిలు తిరుగబడిరి. తెల్లపటాలమువారు నూఱుమందికి పైగా చంపబడిరి. ఆర్కాటునుండి జిల్లెస్పీ సేనతో వచ్చి కోటను మరల పట్టుకొన్నపిదప సిపాయిలు వందలకొలదిగా హతులైరి. కోటలో నిర్బంధమున నుంచిన టిప్పుసుల్తాను కుమారుల మాట, జీతముల యసంతృప్తి మొదలైన కారణములు కూడ దీనికి గలవని చరిత్రకారులు చెప్పుదురు, అది నిజమే. కాని నిప్పంటించినది తలపాగాయే. హైదరాబాదులోని సేనలలో సహితము ఈ నిబంధనలవలన అలజడి పుట్టెను. తుదకు ఆ నిబంధనలను రద్దుచేసిరి. క్రాడాకును, గవర్నరు విలియం బెంటింకును 1807లో సీమకు వెనుకకు పిలిపింపబడిరి.

ఇంతకు ఆ తలపాగావలన తుపాకి మఱింత సూటిగా కాలునా? బొట్టు చెఱిపినంతమాత్రమున కత్తికి పదును పెరుగునా? పనికి సంబంధములేని దానిని పనికి షరతుగా పెట్టినందువలన అన్ని ప్రాణములు పోయినవి.

తలనుండి ఇక పాదములకు దిగుదము. పెద్దల యెదుటికి పోవునపుడు పాదరక్షలు విడుచుట మన మర్యాద. దొరలు ఈ మర్యాదను మనకే నేర్పినట్లు మన యెడల కఠినముగా అమలుజరిపిరి. కచేరీలో దొర బూట్లతో కూర్చుండును. దేశీయుడు ఎంతవాడైనను చెప్పులు బయట విడిచి లోపలికి రావలెను. ఇంగ్లీషు చదువు చదివినవారు బూట్లు తొడుగుట మొదలుపెట్టినపుడు చిక్కు వచ్చెను. 1854లో గవర్నరుజనరల్ సభవారు ఒక తీర్మానము చేసిరి. ఐరోపా పద్ధతి బూట్లు తొడిగిన దేశీయులు అధికారసమావేశములకు వానితోనే రావచ్చును. నాటుచెప్పు తొడిగినవాడు మాత్రము విడువవలసినదే. పాదము ఒకటే, తోలు ఒకటే. కుట్టుతీరు మాత్రమే వేఱు. ఆ కుట్టుతీరునుబట్టి ఒకడు లోపలికి నడచిపోయెను. మఱియొకడు గుమ్మముకడ వంగి విడిచెను.

ఇదే కథ హైదరాబాదులో తలక్రిందుగా నడచినది. అక్కడ కొలువు నిజామునది. ఇంగ్లీషు రెసిడెంటు అంతటివాడు సహితము నిజాము దర్బారునకు పోవునపుడు బూట్లు విడిచి నేలమీద కూర్చుండు ఆచారముండెను. 1869లో అఫ్జలుద్దౌలా గతించి, మూడేండ్లు నిండని మహబూబలీఖాను గద్దెనెక్కినపుడు, రెసిడెంటు సాండర్సు బూట్లతోనే వచ్చి కుర్చీమీద కూర్చుండుటకు పట్టుపట్టి సాధించెను. రాజు పసివాడగుట చూచి పాదరక్షలు లోపలికి వచ్చినవి. ఎవరు ఎవరి యెదుట చెప్పులు విడువవలెనను ప్రశ్న శుచికి సంబంధించినది కాదు, బలమునకు సంబంధించినదని ఇంతకంటె తేటగా తెలుపునది లేదు. ఆ హైదరాబాదులోనే ఏడవ నిజాము కాలమున కొలువుకాండ్రు దస్తారు తలకు పెట్టి, బగ్లసు నడుమునకు బిగించి నిజాము నెదుటికి పోవలసియుండెను. అవి లేనిచో ఎంతటి సమర్థుడైనను ఆ గడప దాటజాలడు.

ఇంతవఱకు చెప్పినవి బట్టల సంగతులు. అప్పో సప్పో చేసి బట్ట మార్చుకొనవచ్చును. మేను మార్చుకొనుట యెట్లు?

1881 నుండి 1885 వఱకు చెన్నపట్నపు సేనాధిపతిగాను, తరువాత 1893 వఱకు భారతసేనాధిపతిగాను నుండిన రాబర్ట్సుదొర, ఉత్తరదేశపు కొన్ని జాతులవారే యుద్ధమునకు పుట్టినవారనియు దక్షిణాదివారు వారికి సాటిరారనియు నమ్మెను. 1897లో ప్రకటించిన తన స్వీయచరిత్రమునందు ఆ నమ్మకమును దాచుకొనలేదు. ఆ దృష్టి దొరతనమువారి విధానమయ్యెను. యుద్ధజాతులని కొందఱిని, కానివారని కొందఱిని విడదీసి, ఒడ్డుపొడుగును, మొగపుతీరును, పుట్టిన దేశమును చూచి సేనలో చేర్చుకొనుట మొదలుపెట్టిరి. చెన్నపట్నపు పటాలములు తగ్గిపోయెను. కొన్ని పటాలములలో దక్షిణాదివారిని తీసివేసి పంజాబువారిని నింపిరి.

ఇప్పుడు తిలంగా యను మాటను మరల జ్ఞాపకము తెచ్చుకొనుడు. తాతలు ఏ కొలువు చేసి తమ జాతిపేరును దేశమంతట సిపాయిపేరుగా నిలిపిరో, మనుమలు ఆ కొలువునకే పనికిరానివారైరి. ఆ నడుమ నూఱేండ్లలో తెలుగువాని యెముకలు కుఱచబడినవా? కండలు కరగినవా? ఏమియు లేదు. చూచెడి కన్ను మాఱినది. రెండవ ప్రపంచయుద్ధమున మనుష్యులు కావలసివచ్చినపుడు ఆ కన్నే మరల మాఱి, మద్రాసు రెజిమెంటును తిరిగి నిలిపి, దక్షిణాదివారిని వేలకొలదిగా సేనలోనికి పిలిచెను. అవసరము వచ్చినపుడు కుఱచవాడు పొడుగగును, నల్లనివాడు వీరుడగును. అవసరము తీరినపుడు మరల కొలబద్ద పైకి తీయుదురు.

వేషముయొక్క మహిమను, దాని డొల్లతనమును ఒక్క జీవితముననే చూడదలచినవారు గాంధీమహాత్ముని చరిత్ర చదువవలెను. ఆయన 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండను పోయినపుడు దొరవలె కనబడవలెనని పడిన పాట్లు తన యాత్మకథలో తానే నవ్వుకొనుచు వ్రాసినాడు. 19 షిల్లింగులు పెట్టి పొడుగుటోపీ కొన్నాడు. బాండువీథిలో 10 పౌన్లు పోసి సాయంకాలపు దుస్తులు కుట్టించినాడు. బంగారుగొలుసు కావలెనని అన్నగారికి వ్రాసినాడు. నిలువుటద్దము ముందు దినమునకు పది నిమిషములు తలదువ్వుకొనుటకును మెడపట్టీ సవరించుకొనుటకును వినియోగించినాడు.

అంతటి వేషముతో బారిష్టరై 1891లో తిరిగివచ్చి బొంబాయి చిన్నకోర్టులో మొదటి వ్యాజ్యమునకు లేచినపుడు తల తిరిగి, ప్రశ్నయొక్కటియు అడుగలేక, ఆ కేసు వేఱొకరికి అప్పగించి వచ్చివేసినాడు. అప్పుడు బడిపంతులు పనియైనను చేయుదమని, దినమునకు ఒక గంట ఇంగ్లీషు చెప్పుటకు నెలకు 75 రూపాయల జీతము గల పనికి అర్జీ పెట్టుకొన్నాడు. పట్టభద్రుడు కాదని ఆ పనియు ఇయ్యలేదు. పొడుగుటోపీ ఆయనను లండనులో విందులకు తీసికొనిపోయెనేమో గాని, బొంబాయిలో నోటికి మాటను, చేతికి కూడును ఇయ్యజాలకపోయెను.

1893లో దక్షిణాఫ్రికాకు పోయి డర్బను న్యాయస్థానమున తలపాగాతో కూర్చున్నపుడు న్యాయాధికారి దానిని తీయుమనెను. ఆయన తీయక బయటికి వచ్చెను. తలపాగాకు బదులు ఇంగ్లీషు టోపీ పెట్టుకొందునా యని ఆలోచించినపుడు, ఆయనను పిలిపించుకొన్న అబ్దుల్లాసేటు వలదనెను. ఆ దేశమున టోపీ పెట్టుకొన్న హిందూదేశస్థుని హోటలులో వడ్డించువాడనుకొందురట. చూచితిరా! లండనులో పెద్దమనిషిని చేసిన టోపీయే డర్బనులో పరిచారకుని చేయును. మఱుసటి సంవత్సరము, అనగా 1894లో, నేటాలు సుప్రీముకోర్టున వకీలుగా ప్రమాణము చేసినపుడు ప్రధానన్యాయాధీశుడు అదే మాట అనగా, ఆయన తలపాగా తీసినాడు. ఇంతకంటె పెద్ద పోరాటములు ముందున్నవనియు, తలపాగాకొఱకు బలమునంతయు వెచ్చింపరాదనియు ఆయన తలచెను. 1921 సెప్టెంబరు 22న మధురలో చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి కట్టినాడు. 1931లో ఆ కొల్లాయితోనే లండనులో చక్రవర్తి విందునకు పోయినాడు.

ఈ కథ విన్నవారు చాలమంది వేషము లెక్కలోనిది కాదని యర్థము చెప్పుదురు. నేనట్లు చెప్పజాలను. 1931లో గాంధీ రాజభవనమునకు పోయినది కొలువు కోరుటకు కాదు. ఏమియు కోరనివానికి వేషముతో పనిలేదు. ఆయన దారిద్ర్యము వ్రతము. వ్రతమైన దారిద్ర్యమునకు లోకము చేతులు జోడించును. కొలువు వెదకికొనుచు చినిగిన చొక్కాతో వచ్చిన పేదవాని దారిద్ర్యము వ్రతము కాదు. దానిని చూచి లోకము తలుపు వేయును. ఒకే కొల్లాయిని ఒకని మేన పూజించి, మఱియొకని మేన హేళనచేయుట మనము మానలేదు.

ఈ మాట అనుటకు నాకొక కారణమున్నది. నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడుగా పనిచేసితిని. ఒక సంవత్సరము మా పాఠశాలను చూచుటకు పై యధికారి వచ్చుచుండెను. స్వాగతపద్యము చదువుటకు ఒక బాలుని ఎన్నుకొను పని నాకప్పగించిరి. తొమ్మిదవ తరగతిలో ఒక కుఱ్ఱవాడుండెను. సీసపద్యమును పాదము విఱువక, అర్థము చెడక చదువుటలో వానికి సాటి ఆ బడిలో లేడు. ఉదయమున పశువులకు గడ్డి కోసివేసి, ఆ తలతోనే బడికి వచ్చెడివాడు. చొక్కాకు భుజముకడ చినుగు. రెండు బొత్తాములకు బదులు ఒక పిన్ను. నేను వానిని వెనుకబల్లమీద కూర్చుండుమని, ఇస్త్రీబట్టలతో వచ్చెడి మఱియొకనిని ముందు నిలిపితిని. అతడు రెండుచోట్ల తప్పు చదివెను. అధికారి చప్పట్లు కొట్టెను.

అప్పుడు నాకు నేను చెప్పుకొన్న సమాధానము వినుడు. ఈ బాలుడు బడికి దూతవంటివాడు, దూతకు చక్కని రూపము కావలెనని మనువే చెప్పెను గదా, యని. చదివిన శాస్త్రము తప్పు కప్పిపుచ్చుకొనుటకు పనికివచ్చెను. ఆ యేడు మిగిలిన దినములలో ఆ కుఱ్ఱవానిని పద్యము చదువుమన్నపుడెల్ల వాడు లేచి, “మఱచిపోయినానండి” అని కూర్చుండెడివాడు. వాడు మఱవలేదని నాకు తెలియును. నాకు తెలియునని వానికిని తెలియును.

నేను చేసినది చిన్న తప్పని మీరనవచ్చును. అటువంటి చిన్న తప్పులన్నియు కూడి ఎంతయగునో ఈ కాలపు విద్వాంసులు లెక్కవేసిరి. డేనియల్ హామర్మెష్, జెఫ్ బిడిల్ అను అమెరికా అర్థశాస్త్రవేత్తలు 1994లో ఒక పరిశోధన ప్రకటించిరి. అమెరికా, కెనడా దేశములలో చదువును అనుభవమును సమముగా నున్నవారిని పోల్చిచూచినను, చూపునకు బాగులేరని ఎంచబడినవారు నడితరమువారికంటె నూటికి 5 మొదలు 10 వంతుల వఱకు తక్కువ సంపాదించుచున్నారని వారు కనుగొనిరి. అందము మాట ఆడువారికే చెందినదని మనము తలతుము. ఆ లెక్కలో మగవారికి కలిగెడి నష్టము ఆడువారి నష్టమునకు తీసిపోలేదు.

మన దేశమున దీనికి కొంత కట్టడి వచ్చినది. కేంద్రప్రభుత్వమువారు 2016 జనవరి 1 నుండి క్రింది తరగతుల కొలువులకు ఎదుట కూర్చుండబెట్టి చూచెడి మౌఖికపరీక్షను తీసివేసి, వ్రాతపరీక్షలోని మార్కులనుబట్టియే నియామకములు చేయవలెనని నిర్ణయించిరి. వ్రాసిన కాగితమునకు మేనిచాయ లేదు, చొక్కా లేదు. అది మంచి మార్పే. కాని దేశములోని పనులన్నియు ప్రభుత్వపు కొలువులు కావు. ఊరిలో సహకారసంఘమునకు గుమాస్తాను, గుడికి పరిచారకుని, దుకాణమునకు కుఱ్ఱవానిని, కూతురునకు వరుని ఎన్నుకొనువారు మీరే. ఆ చోట కాగితము లేదు. మీ కన్నే యున్నది.

కావున నా విన్నపము వినుడు. మీ యెదుటికి వచ్చినవానిలో మూడు విధములైన సంగతులు కనబడును. స్నానము, గోళ్లు, తలదువ్వుట, మాటలో మర్యాద వాని చేతిలోనివి. వానిని మీరు నిర్మొగమాటముగా అడుగవచ్చును, మందలింపవచ్చును. మేనిచాయ, ఒడ్డుపొడుగు, మొగముమీది మచ్చ ఎవరి చేతిలోనివియు కావు. వానిని త్రాసులో వేయుట పాపము. ఇక మూడవది చినిగిన బట్ట. అది వాని దోషము కాదు, గుణము కాదు; వాని యింటి పరిస్థితి. వాని పనితనమును గూర్చి అది మీకు ఏమియు చెప్పదు. ముందు వానిచేత పని చేయించి చూడుడు. లెక్క వ్రాయింపుడు, పద్యము చదివింపుడు. తరువాత కావలసినచో చొక్కా సంగతి చూడవచ్చును.

ఆనాడు స్వాగతసభకు ఇంకను రెండు గంటల వ్యవధి యుండెను. మా యిల్లు బడికి ఎదురుగానే యుండెను. ఇంటిలో సూదియు దారమును ఉండెను. ఆ చొక్కా కుట్టించుటకు పావుగంట పట్టెడిది.